ల్యాబ్‌లో పూట పని దొరుకుతుందా?

ప్రశ్న: మాది ఆమదాలవలస దగ్గర పల్లె. శ్రీకాకుళంలో బీఎస్సీ బాటనీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంట్లో రెండెకరాల వరి, కోతలయ్యాక మినుము. నాకు మంగళ, గురువారాల్లో మధ్యాహ్నం నుంచి క్లాసులుండవు, శనివారం ఒక పూట ఖాళీ. పంటల మీద పరిశోధన చేసే చోట పార్ట్‌టైమ్ పని దొరికితే చదువుకూ పనికొస్తుంది, చేతి ఖర్చులకూ వస్తాయని ఆశ. అలాంటి పనులు నిజంగా ఉంటాయా? డబ్బిస్తారా? ఎవరిని అడగాలి? నాకు మైక్రోస్కోప్ తిప్పడం తప్ప ఏమీ రాదు. మా నాన్న మాత్రం ‘గింజలు లెక్కపెట్టడానికి డిగ్రీ ఎందుకమ్మా’ అంటున్నారు.

సమాధానం: ఉంటాయి. అయితే ‘పార్ట్‌టైమ్ ఉద్యోగం’ అని నోటీసు బోర్డు మీద పెట్టి ఉండవు. ముందు డబ్బు సంగతి చెప్పేస్తాం, ఎక్కువమంది పిల్లలు చిన్నబుచ్చుకునేది అక్కడే కాబట్టి.

అమెరికా లాంటి చోట్ల చదువుకునే పిల్లలకు గంటల లెక్కన ల్యాబ్ పని ఇవ్వడం మామూలే. అక్కడ ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్ళు క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలు మించి చేయకూడదన్న నిబంధన కూడా ఉంది. వీడియోల్లో మీరు చూసేది ఆ పద్ధతే. మన దగ్గర ప్రభుత్వ పరిశోధనా స్థానాల్లో గంటల లెక్క లేదు. ప్రాజెక్టులకు మనుషుల్ని తీసుకునే పేర్లు వేరు: యంగ్ ప్రొఫెషనల్, ప్రాజెక్ట్ అసిస్టెంట్, ఫీల్డ్ అసిస్టెంట్. ఇవి రోజంతా ఉండే పనులు. మొదటి రెండింటికీ డిగ్రీ పూర్తయి ఉండాలి, వాక్-ఇన్ ఇంటర్వ్యూ పెట్టి తీసుకుంటారు. మీకిప్పుడు అవి కావు. మీకు మిగిలే దారులు మూడు. పని ఒత్తిడి ఉన్న కొన్ని వారాలకు ప్రాజెక్టు ఖర్చుల పద్దు నుంచి రోజు లెక్కన ఇచ్చే కూలీ. డబ్బు రాని, క్రెడిట్లు వచ్చే ఇంటర్న్‌షిప్. వేసవిలో రెండు నెలల ఫెలోషిప్. తెలివైన పని ఏమిటంటే రెండోదాంతో లోపలికి వెళ్ళి, మొదటిదానికి పేరు గుర్తుండేలా చేసుకుని, మూడోదానికి అక్కడి శాస్త్రవేత్త చేత సిఫారసు ఉత్తరం రాయించుకోవడం.

ఎక్కడ అన్నదానికి మీరు దూరం వెళ్ళనక్కర్లేదు. మీ ఊరికి దగ్గర్లోనే ఆమదాలవలస వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. గోగు పంట మీద పనిచేసే కేంద్రం అది, ఏఎంవీ అన్న అక్షరాలతో మొదలయ్యే గోగు రకాలు అక్కడివే. అదే ఊళ్ళో కృషి విజ్ఞాన కేంద్రమూ ఉంది. శ్రీకాకుళం పక్కనే రాగోలు, అక్కడ వరి. ఆర్‌జీఎల్ 2537, అంటే మనం శ్రీకాకుళం సన్నాలు అని పిలిచేది, రాగోలు రకమే. నైరలో వ్యవసాయ కళాశాల ఉంది, అక్కడ పీజీ విద్యార్థుల థీసిస్ ప్రయోగాలు నడుస్తుంటాయి. విజయనగరం స్థానానికి చోళ్ళు (రాగులు), సామలు, కొర్రల లాంటి చిరుధాన్యాల పని, వీఆర్ 847 శ్రీచైతన్య లాంటి చోడి రకాలు అక్కడివి. ఇవన్నీ ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందివే. మాలిక్యులర్ పని, అంటే డీఎన్‌ఏ లాంటి వాటి మీద మనసుంటే ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం, విజయనగరంలోని కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయంలో బయోటెక్నాలజీ విభాగాలను అడగవచ్చు.

కానీ మా మాట వింటే మొదట రాగోలుకో, ఆమదాలవలసకో వెళ్ళండి. వారానికి మూడు పూటలున్న మనిషికి బస్సు ప్రయాణమే జీతం మింగేస్తుంది. రానూపోనూ రెండు గంటలు, రోజుకు 60 రూపాయలు అనుకుంటే వారానికి ఆరు గంటలు, 180 రూపాయలు పోయినట్టే. చెట్టు కింద డీఎన్‌ఏ తీయలేం కదా అని పెద్ద ల్యాబ్ కోసం ఆగకండి. మంచి అలవాట్లు పొలం గట్టు మీదే పడతాయి.

ఇప్పుడు పని ఎలా ఉంటుందో చూద్దాం. మీ నాన్నగారు అన్నదాంట్లో నిజం ఉంది. గింజలు లెక్కపెట్టడమే, పిలకలు లెక్కపెట్టడమే, కవర్ల మీద పేర్లు రాయడమే. ఆ లెక్కను ఇంకొకరు మళ్ళీ లెక్కపెట్టనక్కర్లేకుండా ఇవ్వగలిగితే మిమ్మల్ని వదులుకోరు. ఒక పరీక్షను దగ్గరగా చూడండి.

వరి విత్తనానికి మొలక పరీక్ష చేయాలంటే 400 గింజలు కావాలి, 100 చొప్పున నాలుగు జట్లు. గింజల్ని ఎంచుకోకూడదు. తాలు, పుల్ల, రాయి తీసేసిన మంచి విత్తనంలోంచి కలిపి కలిపి చేతికి వచ్చినవి తీసుకోవాలి. కొత్తవాళ్ళు తెలియకుండానే లావుగా, బంగారు రంగులో ఉన్నవాటినే ఏరతారు, దాంతో మొలక శాతం నాలుగైదు ఎక్కువ వస్తుంది. మొలక కాగితాన్ని తడిపి, నీరు కారకుండా పిండాలి. వేలితో నొక్కితే వేలి చుట్టూ నీటి పొర రాకూడదు. రెండు కాగితాల మీద పదికి పది వరుసలుగా గింజలు పేర్చి, మీద ఇంకొకటి కప్పి, చాపలా చుట్టి, రబ్బరు వేసి, నిలువుగా నిలబెట్టాలి. రకం పేరు, జట్టు సంఖ్య, పెట్టిన తేదీ పెన్సిల్‌తో రాయాలి. పెన్ను సిరా తడికి కరిగి మూడో రోజుకే మాయమవుతుంది. 25 డిగ్రీల దగ్గర జెర్మినేటర్‌లో, అంటే వేడి ఒకేలా నిలిపే మొలక పెట్టెలో పెట్టాలి. మే నెలలో మన గదిలో 35 దాటుతుంది, అందుకే కిటికీ పక్కన పెట్టిన పరీక్ష పరీక్ష కాదు. వరికి తొలి లెక్క 5వ రోజు, తుది లెక్క 14వ రోజు. చోళ్ళకైతే 4వ రోజు, 8వ రోజు.

లెక్కలో మొలిచినవి, మొలవనివి అని రెండు గళ్ళు చాలవు. మామూలు మొలకలు, వంకర మొలకలు (వేరు లేనివి, ఆకు చీలి తెల్లబడినవి), తాజాగా ఉండి మొలవనివి, చచ్చినవి అని వేరువేరుగా రాయాలి. నొక్కితే మెత్తగా నలిగి పాలలాంటి ద్రవమో కుళ్ళు వాసనో వస్తే చచ్చింది. గట్టిగా, శుభ్రంగా ఉంటే అది నిద్రలో ఉంది. అప్పుడే కోసిన వడ్లలో ఈ నిద్ర మామూలు. ముందుగా 50 డిగ్రీల పొడి వేడిలో కొన్ని రోజులు ఉంచి మళ్ళీ పరీక్ష పెడతారు. అది తెలియక ‘ఈ విత్తనం పనికిరాదు’ అని రాసేస్తే మంచి విత్తనం మిల్లుకు పోతుంది.

నాలుగు జట్లలో 92, 90, 91, 74 వచ్చాయనుకోండి. సగటు 87. ధ్రువీకరించిన వరి విత్తనానికి కనీస మొలక శాతం 80, కాబట్టి పాసైనట్టే అనిపిస్తుంది. అనిపించడమే. సగటు 87 దగ్గర ఉన్నప్పుడు ఎక్కువ తక్కువల మధ్య తేడా 13 దాటకూడదన్నది అంతర్జాతీయ విత్తన పరీక్షా నియమం. ఇక్కడ తేడా 18. పరీక్ష మళ్ళీ చేయాల్సిందే. నాలుగో చుట్ట ఎందుకు తగ్గింది? జెర్మినేటర్ తలుపు దగ్గర ఉండి ఎండిపోయిందా, చుట్ట బిగించడంతో గాలి ఆడలేదా, గింజలు ఒకదానికొకటి ఆనుకుని బూజు ఒకదాని నుంచి ఒకదానికి పాకిందా? కారణం రాసిపెట్టి అప్పుడు మళ్ళీ చేయాలి. 74ను 84గా ‘సర్దిన’ పిల్లను రెండో వారం నుంచి ఎవరూ పిలవరు.

ఇక కోతల సమయంలో దిగుబడి లెక్క. రాగోలు లాంటి చోట నవంబరు, డిసెంబరుల్లో మనుషులు చాలరు, మీకు కూలీ దొరికే అవకాశం అప్పుడే ఎక్కువ. ప్రతి మడిలో గట్టు వైపు వరుసలు వదిలేసి లోపలి మడి మాత్రమే కోస్తారు. గట్టు పక్క మొక్కకు ఎండా, ఎరువూ ఎక్కువ అందుతాయి, అది కలిస్తే దిగుబడి అబద్ధం చెబుతుంది. నూర్చిన వెంటనే తూచి, అక్కడికక్కడే తేమ మీటర్‌తో తేమ చూసి, 14 శాతం తేమకు సరిచేసి రాయాలి. ఒక మడిలో 11.20 కిలోలు, తేమ 19 శాతం వచ్చాయనుకోండి. 11.20ని (100 − 19)తో గుణించి (100 − 14)తో భాగిస్తే 10.55 కిలోలు. లోపలి మడి విస్తీర్ణం 20 చదరపు మీటర్లు అయితే హెక్టారుకు 5,275 కిలోలు. సరిచేయకుండా రాస్తే 5,600. తేడా 325 కిలోలు, డెబ్బై అయిదు కిలోల బస్తా లెక్కన నాలుగు బస్తాలకు పైమాటే. పొద్దున మంచులో కోసిన మడినీ మధ్యాహ్నం ఎండలో కోసిన మడినీ సరిచేయకుండా పోల్చితే, గెలిచే రకం కోసిన వేళను బట్టి మారిపోతుంది. తేమ గడి ఖాళీగా ఉన్న దిగుబడి పట్టిక చెత్తబుట్టకే.

తూకంలో ఇంకో చిక్కు మన కోస్తా గాలిది. ఆకులు, గడ్డి నమూనాలను 70 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారడం ఆగేదాకా ఆరబెడతారు, మామూలుగా రెండు మూడు రోజులు. కాగితపు కవర్లోనే పెట్టాలి, ప్లాస్టిక్‌లో పెడితే నమూనా ఉడుకుతుంది కానీ ఆరదు. వేడిగా ఉండగానే తూచితే చుట్టూ గాలి పైకి లేచి బరువు తక్కువ చూపిస్తుంది. చల్లారాలని బల్ల మీద వదిలేస్తే గాలిలో తడి పీల్చుకుని ఎక్కువ చూపిస్తుంది. డెసికేటర్‌లో, అంటే తడి పీల్చే గింజలు అడుగున ఉన్న మూత పాత్రలో చల్లార్చి వెంటనే తూచాలి. అడుగున నీలం గింజలు గులాబీ రంగుకు మారి ఉంటే ఆ డెసికేటర్ పని చేయడం లేదని అర్థం. ఈ ఒక్క సంగతి మీరు గమనించి చెప్పినా ల్యాబ్‌లో మీ మీద గురి కుదురుతుంది.

మీరు బాటనీ విద్యార్థిని కాబట్టి సంకరం చేసే పని చూసే అవకాశం వస్తే వదలకండి. వరిలో కంకి పొట్టలోంచి సగానికి పైగా బయటికి వచ్చిన మొక్కను ఎంచుకుంటారు. మధ్యాహ్నం మూడు దాటాక, కొనలో అప్పటికే విచ్చిన పూలు, అడుగున మరీ లేతవి కత్తిరించి తీసేస్తారు. మిగిలిన పూల పైభాగం మూడో వంతు ఏటవాలుగా కత్తిరించి, చిన్న సూది మొనతో ఆరు పుప్పొడి తిత్తులూ తీస్తారు. ఆరూ. ఒక్కటి మిగిలినా తల్లి మొక్క తన పుప్పొడితోనే గింజ కడుతుంది, ఏడాది తర్వాత గానీ మోసం బయటపడదు. బటర్ పేపర్ సంచి తొడిగి, మర్నాడు తొమ్మిదిన్నర పదకొండున్నర మధ్య, తండ్రి మొక్క పూలు విచ్చినప్పుడు పుప్పొడి దులుపుతారు. మళ్ళీ సంచి. నాలుగైదు రోజులకు గింజ కట్టిందో లేదో పైన కత్తిరించిన పొట్టులోంచి కనిపిస్తుంది, 25 నుంచి 30 రోజులకు కోస్తారు. ట్యాగ్ మీద ముందు తల్లి పేరు, తర్వాత తండ్రి పేరు, తిత్తులు తీసిన తేదీ, పుప్పొడి వేసిన తేదీ, చేసినవారి పొట్టి సంతకం. ఇక్కడా పెన్సిలే. తల్లీ తండ్రీ వరుస తారుమారు చేసి రాయడం కొత్తవాళ్ళు చేసే తప్పుల్లో మొదటిది.

ఇది మీ సమయానికి సరిపోయే పనేమో చూసుకోండి. మంగళవారం మూడింటికి తిత్తులు తీస్తే బుధవారం తొమ్మిదిన్నరకు ఎవరో ఒకరు రావాలి. బుధవారం మీకు క్లాసులున్నాయి. అందుకే ‘నేను సాయంత్రం సగం చేసి వెళతాను, పొద్దున పుప్పొడి వేసేది ఎవరో ముందే మాట్లాడుకుందాం’ అని చెప్పండి. నోరు మూసుకుని ఒప్పుకుని, బుధవారం రాకపోతే ఆ కంకులన్నీ వృథా. మొక్కకు మన టైమ్‌టేబుల్ తెలీదు.

డీఎన్‌ఏ తీసే పని అందరికీ మోజు, అందులో మాకు ఎక్కువ చెప్పాలని లేదు, ఎందుకంటే అది నేర్చుకోవడం రెండు రోజుల పని. లేత ఆకు 100 మిల్లీగ్రాములు, సీటాబ్ ద్రావణం (ఆకు కణాలను విప్పేది), 65 డిగ్రీల దగ్గర అరగంట నుంచి గంట, క్లోరోఫామ్, ఐసోఅమైల్ ఆల్కహాల్ 24:1, చల్లటి ఐసోప్రొపనాల్, 70 శాతం ఇథనాల్‌తో కడగడం. చెడేది రెండు చోట్ల. ముదురు ఆకు తీసుకుంటే డీఎన్‌ఏ గోధుమ రంగుకు తిరుగుతుంది. క్లోరోఫామ్ తర్వాత పై పొర పీల్చేటప్పుడు ఆశపడి మధ్యలోని తెల్ల పొరను కూడా తాకితే ప్రొటీన్ కలిసిపోయి, డీఎన్‌ఏ ఎంత శుభ్రంగా ఉందో చెప్పే 260/280 నిష్పత్తి 1.8 దగ్గర ఉండాల్సింది కిందికి జారుతుంది. కొంచెం వదిలేసినా ఫరవాలేదు. క్లోరోఫామ్‌ను మామూలు పారదర్శక పాలీస్టైరీన్ డబ్బాల్లో పోయకండి, డబ్బా కరిగి చేతిలోకి వస్తుంది.

భద్రత గురించి అడగలేదు, అయినా చెప్పాలి. మందు కొట్టిన మడిలోకి డబ్బా లేబుల్ మీద రాసిన గడువు దాటకుండా దిగవద్దు, ‘తొందరగా ఒక్కసారి చూసి వచ్చెయ్’ అని ఎవరన్నా సరే. జెల్ చూసే గదిలో ఎథిడియం బ్రోమైడ్ (డీఎన్‌ఏ కనిపించేలా చేసే హానికరమైన రంగు) వాడితే నైట్రైల్ గ్లోవ్స్ లేకుండా ఏదీ ముట్టుకోవద్దు, ఆ గ్లోవ్స్‌తో తలుపు పిడి, ఫోను ముట్టుకోవద్దు. నత్రజని లెక్క కోసం గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో నమూనాలు మరిగించే బల్ల దగ్గర మొదటి నెల చూసేవాళ్ళే కానీ చేసేవాళ్ళు కాకండి. ఆమ్లాన్ని నీళ్ళలో పోయాలి, నీళ్ళను ఆమ్లంలో పోయకూడదు అన్నది ఇంటర్‌లో చదివే ఉంటారు. చున్నీ పిన్ను పెట్టుకుని, జుట్టు ముడేసుకుని, చెప్పులు కాకుండా బూట్లతో వెళ్ళండి.

ఎలా అడగాలి అన్నదానికి వద్దాం. ‘సార్, నాకు పరిశోధన అంటే ఇష్టం, ఏదైనా అవకాశం ఇవ్వండి’ అని రాసిన ఉత్తరానికి జవాబు రాదు, ఇష్టం లేక కాదు, ఏమని జవాబివ్వాలో తెలియక. మీరు ఏ పని, ఏ రోజులు, ఎన్నాళ్ళు అన్నది రాస్తే వాళ్ళు అవుననో కాదనో అనగలరు. ఇలా ఉంటే చాలు:

‘అయ్యా, నేను శ్రీకాకుళంలో బీఎస్సీ బాటనీ రెండో సంవత్సరం విద్యార్థినిని. మీ స్థానంలో ఖరీఫ్ వరి ప్రయోగాలకు పిలకల లెక్క, విత్తన పరీక్ష, తూకాల నమోదు పనుల్లో సాయం చేయగలను. మంగళ, గురువారాలు మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు, శనివారం ఉదయం 9 నుంచి 1 వరకు రాగలను. సెప్టెంబరు మొదటి వారం నుంచి డిసెంబరు మూడో వారం దాకా. సెమిస్టర్ పరీక్షల రెండు వారాలు రాలేను, ఆ తేదీలు ముందే తెలియజేస్తాను. మాది రైతు కుటుంబం, పొలంలో దిగి పని చేయడం అలవాటే. నేను ఇంట్లో చేసిన మొలక పరీక్ష పట్టిక జత చేశాను. ఈ పనికి భత్యం ఉందా, లేక ఇంటర్న్‌షిప్‌గా పరిగణిస్తారా అన్నది తెలపగలరు.’

ఇంగ్లీషులో రాసినా ఇంతే పొడవు, ఇంతే సూటిగా. స్థానం ప్రధాన శాస్త్రవేత్త పేరున రాసి, మీ బాటనీ మేడమ్ చేత రెండు వాక్యాల సిఫారసు, కాలేజీ నుంచి బోనఫైడ్ సర్టిఫికెట్ జత చేయండి. మెయిల్ పంపి వారం ఆగి, జవాబు రాకపోతే కాగితం పట్టుకుని స్వయంగా వెళ్ళండి. మన జిల్లాల్లో పని కుదిరేది ఎక్కువగా ఎదురుగా నిలబడ్డప్పుడే. నాట్లు పడే రోజుల్లోనూ, ఎవరో పెద్దలు తనిఖీకి వచ్చే రోజుల్లోనూ వెళ్ళకండి, మొహం చూసే తీరిక ఉండదు.

పీజీ విద్యార్థుల్నీ మరవకండి. నైరలో థీసిస్ చేసే అక్కలకు, అన్నలకు అక్టోబరు, నవంబరుల్లో వందల నమూనాలు పోగవుతాయి. శాస్త్రవేత్త గది తలుపు కంటే వాళ్ళ బల్ల దగ్గరే ముందు పని దొరుకుతుంది. డబ్బు రాకపోవచ్చు, పద్ధతి మాత్రం ఓపిగ్గా నేర్పేది వాళ్ళే.

చేరే ముందు డబ్బు గురించి అడగడానికి మొహమాటపడకండి. రోజు లెక్కా, పని లెక్కా? సగం రోజుకు సగం రాస్తారా, లేక రోజంతా ఉంటేనే హాజరు వేస్తారా? బిల్లు నెలకోసారా, ప్రాజెక్టు డబ్బు వచ్చినప్పుడా? హాజరు ఎవరు సంతకం చేస్తారు? ప్రాజెక్టు డబ్బు విడతలుగా వస్తుంది, మార్చి 31తో ఆ ఏడు పద్దు మూసేస్తారు, ఏప్రిల్ తర్వాత కొత్త నిధులు వచ్చేదాకా కొత్త మనిషికి ఇచ్చేందుకు వాళ్ళ చేతుల్లో ఏమీ ఉండదు. అందుకని కాలేజీ ఫీజు కట్టాల్సిన డబ్బును ఈ పని మీద ఆధారపెట్టకండి. బ్యాంకు ఖాతా మీ పేరునే, ఆధార్‌తో అనుసంధానమై ఉండాలి. హాజరు, చేసిన పని మీ చిన్న నోటుబుక్కులో తేదీలవారీగా విడిగా రాసుకోండి.

ఎవరైనా ‘అగ్రి రీసెర్చ్ ఇంటర్న్‌షిప్, సర్టిఫికెట్ గ్యారంటీ, ఫీజు ఇంత’ అని ఫోన్ చేస్తే పెట్టేయండి. పనికి మీరు డబ్బు కట్టేదేమిటి? మీ డిగ్రీలో రెండో సంవత్సరం తర్వాత వేసవిలో రెండు నెలల ఇంటర్న్‌షిప్ ఉంటే, దానికే పరిశోధనా స్థానాన్ని ఎంచుకోవచ్చా అని మీ మెంటర్ టీచర్‌ను అడగండి. లాగ్‌బుక్ ఎలాగూ రాయాలి, రోజుకో పేజీ ఊహించి రాసే కంటే నిజంగా చేసిన తూకాలు రాయడం తేలిక.

ఫెలోషిప్‌ల సంగతి. మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిపి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు దరఖాస్తులు అంతకు ముందు ఏడాది చివరన, సాధారణంగా నవంబరులో ముగుస్తాయి. రెండు నెలలు ఏదో ఒక సంస్థలో శాస్త్రవేత్త దగ్గర పని. దరఖాస్తులో ఏ పని ఎందుకు చేయాలనుకుంటున్నారో రాయాలి, టీచర్ సిఫారసు కావాలి. అక్కడ ‘వరిలో మొలక పరీక్షలు 24 చేశాను, రెండింటిని తేడా ఎక్కువై మళ్ళీ చేశాను’ అన్న ఒక్క వాక్యం ‘చిన్నప్పటి నుంచి మొక్కలంటే ప్రాణం’ అన్న పేరా కంటే బరువైనది. ఇంటర్ బోర్డులో మీరు టాప్ 1 శాతంలో ఉండి ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ తీసుకుంటూ ఉంటే, ఏడాదికి 80,000లో 20,000 వేసవి ప్రాజెక్టు కోసమే కేటాయించినది. ఆ ప్రాజెక్టును రాగోలులో చేయవచ్చేమో అడగండి. మీతోపాటు ఇంటర్ చదివి బీఎస్సీ అగ్రికల్చర్‌లో చేరినవాళ్ళకు ఇది రాదు, మీ బాటనీకి వస్తుంది.

ఒక జాగ్రత్త మన తీరానిది. అక్టోబరు మన వైపు తుపానుల నెల. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. ఆ నెలలో పొలంలో తీసిన లెక్కల పుస్తకానికి ఆ సాయంత్రమే ఫోటో తీసి, ల్యాబ్‌లో ఒకరికి పంపి ఉంచండి. తడిసిన రిజిస్టర్‌లో అంకెలు తిరిగి రావు, పడిపోయిన చేను మళ్ళీ నిలబడదు. మడులు పడిపోతే ఎన్ని పడ్డాయి, ఏ వైపు పడ్డాయి, ఏ రకం నిలబడింది అన్నది మర్నాడే రాయాలి. అదీ సమాచారమే.

ఇక మీ నాన్నగారికి. మీ గాదెలోంచి పోయినేడు దాచిన విత్తనం 400 గింజలు తీయండి. జెర్మినేటర్ లేకపోతే ఉతికిన పాత నూలుగుడ్డలో నాలుగు చుట్టలు చుట్టి, ఇంట్లో చల్లటి మూల, కుండ పక్కన పెట్టండి. గుడ్డ ఆరకుండా రెండు పూటలా నీళ్ళు చిలకరించండి. ఐదో రోజు, పద్నాలుగో రోజు లెక్కపెట్టండి. ల్యాబ్ పరీక్షంత కచ్చితం కాదు, నారు పోసే ముందు ఇంటి అవసరానికి చాలు. సగటు 68 వచ్చిందనుకోండి. 80 శాతం మొలిచే విత్తనమైతే ఎకరానికి సరిపడా నారుకు 25 కిలోలు చల్లేవారు, ఈ విత్తనానికి 25ను 80తో గుణించి 68తో భాగించాలి. 29 కిలోల 400 గ్రాములు. మీ రెండెకరాలకు దాదాపు తొమ్మిది కిలోలు అదనంగా నానబెట్టమని నాన్నగారికి చెప్పండి. ఆ పట్టికకే ఒక నకలు తీసి రాగోలు ఉత్తరానికి జత చేయండి.